పెద్ద జబ్బు చేసినప్పుడు ఆఫీసు పనులు, పన్ను పనులు ఏ వరసలో చేసుకోవాలి

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అనో, కిడ్నీలు పాడయ్యాయనో, పక్షవాతం అనో తెలిసిన మొదటి వారంలోనే నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. సీఎం రిలీఫ్ ఫండ్‌కి పెట్టు అని ఒకరు, పింఛను వస్తుంది సదరం (వైకల్యం శాతం తేల్చే సర్టిఫికెట్) చేయించు అని ఇంకొకరు, రిటర్న్ వేస్తే పన్ను వెనక్కి వస్తుందట అని మరొకరు. అన్నీ నిజాలే, కానీ అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఒక్కటీ తెమలదు, పైగా మనిషి దగ్గర కూర్చునే వాళ్లు లేకుండా పోతారు. ఇది కోనసీమ, భీమవరం, పాలకొల్లు, రాజోలు, కాకినాడ వైపు మన కుటుంబాల కోసం రాస్తున్నాను. వరస ముఖ్యం అండి. ఆగిపోతే వైద్యమో డబ్బో ఆగిపోయే పని ముందు, గడువు తేదీ ఉన్న పని తర్వాత, మిగతావన్నీ ఆ తర్వాత. ఈ వరస మార్చకండి, ఎవరు తొందరపెట్టినా సరే.

1. ముందు ఒక మనిషిని పెట్టండి

జబ్బు పడ్డ మనిషి ఆఫీసుల చుట్టూ తిరగకూడదు, అది ఖాయం. ఇంట్లో ఒక్కరే కాగితాల బాధ్యత తీసుకోవాలి. కొడుకో, కోడలో, మేనల్లుడో ఎవరైనా ఫరవాలేదు, డిగ్రీ చదివి ఉండక్కర్లేదు, విసుక్కోకుండా అడిగిందే మళ్లీ అడగగలిగితే చాలు. ఆసుపత్రిలో ఉండే మనిషి వేరు, కాగితాల మనిషి వేరుగా ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే డాక్టర్ గారు రౌండ్స్‌కి వచ్చేది పొద్దున, గ్రామ, వార్డు సచివాలయంలో పని జరిగేదీ పొద్దునే.

ఆ మనిషి చేయాల్సిన మొదటి పని ఫోన్ నంబర్ చూసుకోవడం. ఆధార్‌కి ఏ నంబర్ లింక్ అయి ఉంది, అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, రీచార్జ్ ఉందా? అన్ని పనులకీ ఓటీపీ దాని మీదికే వస్తుంది. ఎప్పుడో మస్కట్ వెళ్లిన కొడుకు వాడిన సిమ్ ఆధార్‌కి ఉండిపోయిన ఇళ్లు మన వైపు చాలానే ఉన్నాయి, ఆ సిమ్ ఇప్పుడు పనిచేయదు, అప్పుడు ఏ పనీ మొదలుకాదు. నంబర్ మార్పించడానికి సాధారణంగా ఆధార్ సెంటర్‌కి మనిషి స్వయంగా వెళ్లాల్సి వస్తుంది కాబట్టి నడవగలిగే స్థితిలో ఉన్నప్పుడే, మొదటి కీమోకి ముందే ఈ పని ముగించండి. మంచం మీద ఉన్నవాళ్ల దగ్గరికి ఆధార్ ఆపరేటర్ కిట్టు పట్టుకుని వచ్చే ఏర్పాటు ఉంది, దానికి విడిగా దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, వాళ్లు వచ్చేదాకా ఆగాలి.

2. ఫైలు ఒకటి, ఒరిజినల్స్ మీద కాపలా

పెద్ద ప్లాస్టిక్ జిప్ ఫోల్డర్ ఒకటి కొనండి. అట్ట ఫైలు వద్దు. లంక గ్రామాల వాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు, 2022 జూలై వరదల్లో బీరువా కింది అరలో ఉన్న కాగితాలన్నీ ముద్దయిపోయిన ఇళ్లు ఎన్నో. పైగా గోదావరి పోటెత్తేది జూలై, ఆగస్టుల్లో, రిటర్నుల గడువూ సాధారణంగా జూలై 31. ప్రతి కాగితం వచ్చిన రోజే ఫోటో తీసి ఇంకో ఇద్దరి ఫోన్లకి పంపించి ఉంచండి.

ఫైల్లో ఉండాల్సినవి: ఆధార్, రేషన్ కార్డు, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, బయాప్సీ లేదా జబ్బును నిర్ధారించిన మొదటి రిపోర్టు, ప్రతి డిశ్చార్జ్ సమ్మరీ, ప్రతి బిల్లు, దానితో పాటు డబ్బు కట్టిన రసీదు. బిల్లు వేరు, రసీదు వేరు అని గుర్తుపెట్టుకోండి. చాలామంది బిల్లు దాచి రసీదు పారేస్తారు.

ఇక అన్నిటికంటే విలువైన కాగితం డాక్టర్ గారి ఉత్తరం. డిశ్చార్జ్ అయ్యే రోజు హడావిడిలో ఉంటాం, కానీ ఆ రోజే అడగాలి. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రోగి పేరు, వయసు, జబ్బు పేరు పొట్టి అక్షరాల్లో కాకుండా పూర్తిగా, ఎప్పుడు తెలిసింది, ఏ వైద్యం ఎన్నాళ్లు నడుస్తుంది, పని చేసుకోగలరా లేదా, కింద డాక్టర్ గారి పేరు, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబర్, ఆసుపత్రి చిరునామా. ఈ ఒక్క ఉత్తరం పింఛనుకీ, సెలవుకీ, పీఎఫ్‌కీ, ఇన్కమ్ ట్యాక్స్‌కీ పనికొస్తుంది. మూడు నాలుగు కాపీల మీద స్టాంపు వేయించుకోండి. మూడు నెలల తర్వాత దీని కోసం మళ్లీ విశాఖపట్నం వెళ్లడం, ఆ డాక్టర్ గారు సెలవులో ఉండటం, ఆ బాధ మీకొద్దు.

ఒరిజినల్ బిల్లులు ఎవరికి ఇస్తున్నారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లకీ ఒరిజినల్సే కావాలి, సీఎం రిలీఫ్ ఫండ్‌కీ ఒరిజినల్సే కావాలి. పన్ను రిటర్నుతో పాటు ఏ కాగితమూ జతచేయక్కర్లేదు, అడిగితే చూపించడానికి మీ దగ్గర ఉంటే చాలు. కాబట్టి ఒరిజినల్స్ చేతిలోంచి వెళ్లేముందే రెండు సెట్లు జిరాక్స్ తీయండి.

3. పేరు కలవాలి, వేలిముద్ర పడాలి

ఆధార్‌లో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, పాన్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, బ్యాంకులో ఇంకోలా, ఆసుపత్రిలో అడ్మిషన్ రాసినవాళ్లు విన్నట్టుగా. ఇలా నాలుగు రకాలుగా ఉంటే ప్రతిచోటా కాగితం వెనక్కి వస్తుంది. ఆసుపత్రిలో చేరేటప్పుడే ఆధార్ చూపించి అందులో ఉన్న అక్షరాలే రాయించండి, అదైతే ఖర్చు లేకుండా మన చేతిలో ఉన్న పని.

వేలిముద్రల సంగతి ఎవరూ ముందు చెప్పరు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. కీమోలో కాపెసిటాబిన్ అనే మాత్ర ఉంది, రొమ్ము క్యాన్సర్‌కీ పేగు క్యాన్సర్‌కీ బాగా వాడతారు. దానితో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, తోలు ఊడి, వేళ్ల మీద గీతలే చెరిగిపోవచ్చు. మా చిన్నత్త వేళ్లు అలాగే అయ్యాయి. చూపుడు వేలు కొస నున్నగా, పలచగా, పట్టుకుంటే మంట. ఆ వేలు మెషిన్ మీద పెడితే ఎర్ర లైటు, తుడిచి మళ్లీ పెడితే ఎర్ర లైటు. ఒక చోట "ముద్ర పడటం లేదు, తగ్గాక రండి" అని పంపేశారు. తగ్గాక ఏమిటండీ, తగ్గేదాకా మందులు ఎవరు కొనాలి? ఇంకో చోట ఒక అమ్మాయి కంటి స్కానర్ తెప్పించి రెండు నిమిషాల్లో పని చేసి పంపింది. అంటే దారి ఉంది, కానీ అడగాలి. వేలు పడకపోతే ఐరిస్ (కంటి స్కాన్) ఉందా, ముఖం చూపించి చేసే పద్ధతి ఉందా, ఆధార్ ఓటీపీతో అవుతుందా అని ఈ మూడూ వరసగా అడగండి. మందు వల్ల గీతలు పోయాయని డాక్టర్ గారి చేత ఆ ఉత్తరంలోనే ఒక వాక్యం రాయించండి.

4. వైద్యం ఖర్చు

రేషన్ కార్డు ఉన్నవాళ్లకి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే 2007లో మొదలైన ఆరోగ్యశ్రీయే, పేరు మారింది. పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 25 లక్షల దాకా పెంచారు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో రిసెప్షన్ దగ్గర ఆరోగ్యమిత్ర (పథకం తరఫున రోగులకి సాయం చేసే మనిషి) డెస్క్ ఉంటుంది, అడ్మిషన్ కౌంటర్‌కి వెళ్లకుండా నేరుగా అక్కడికే వెళ్లండి. అడగాల్సింది "మీకు ఆరోగ్యశ్రీ ఉందా" అని కాదు, "ఈ జబ్బుకి, ఈ వైద్యానికి, మీ ఆసుపత్రిలో ఉందా" అని అడగాలి. ఒక ఆసుపత్రికి కొన్ని విభాగాల్లోనే ఒప్పందం ఉండొచ్చు, బయట బోర్డు చూసి నమ్మొద్దు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో కూడా నెట్‌వర్క్ ఆసుపత్రులు ఉన్నాయి. పథకం కింద చేర్చుకుని పైన డబ్బు అడిగితే 104కి ఫోన్ చేసి చెప్పండి, ఫిర్యాదు నంబర్ తీసుకోండి.

సీఎం రిలీఫ్ ఫండ్ దీనికి వేరు. పథకంలో రాని వైద్యానికి చేతి డబ్బు పెట్టుకున్నప్పుడు ఎమ్మెల్యే గారి ఆఫీసు ద్వారా పెట్టుకోవాలి. ముందుగానే ఆసుపత్రికి హామీ పత్రం ఇప్పించే ఎల్‌ఓసీ పద్ధతి కూడా ఉంది, ఆపరేషన్‌కి టైమ్ ఉంటే అదే మేలు, అప్పు చేసే బాధ తప్పుతుంది.

సొంత ఇన్సూరెన్స్ ఉంటే ఒక్క మాట. క్యాష్‌లెస్ అడిగిన గంటలో కంపెనీ జవాబు చెప్పాలి, డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి అని ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లో రూలు పెట్టింది. సాయంత్రం దాకా కూర్చోబెడితే ఈ రూలు గుర్తుచేయండి. క్లెయిమ్ కొట్టేస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, కంపెనీకి ఫిర్యాదు చేసినా ముప్పై రోజుల్లో తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

దూరం వెళ్లేవాళ్లకి: క్యాన్సర్ రోగి వైద్యానికి రైల్లో వెళ్తే స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తి రాయితీ, తోడు వెళ్లేవాళ్లకి ముప్పాతిక రాయితీ. రైల్వే ఫారంలో ఆసుపత్రి సర్టిఫికెట్ కావాలి, టికెట్ కౌంటర్లోనే తీయాలి, ఫోన్లో తీస్తే ఈ రాయితీ రాదు.

5. పింఛను, సదరం

రాష్ట్ర పింఛను పథకం ఎన్టీఆర్ భరోసాలో 2024 జూలై నుంచి మొత్తాలు పెరిగాయి. దివ్యాంగులకి నెలకు 6,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవాళ్లకి 15,000. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, కిడ్నీ, లివర్, గుండె మార్పిడి అయినవాళ్లు, తలసేమియా, సికిల్ సెల్, తీవ్రమైన హీమోఫీలియా ఉన్నవాళ్లు, రెండు కాళ్లకీ ముదిరిన బోదకాలు ఉన్నవాళ్లకి 10,000. బోదకాలు మన జిల్లాల జబ్బే, వాళ్లకి ఇది వస్తుందని తెలియని పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, మీ వీధిలో ఉంటే చెప్పండి. క్యాన్సర్ అని ఆ జాబితాలో విడిగా లేదు. అయితే క్యాన్సర్ వల్ల కాలో చెయ్యో తీసేసినా, మాట పోయినా, అది వైకల్యం కిందికి వస్తుంది, అప్పుడు సదరం దారి.

సదరం క్యాంపుకి స్లాట్ సచివాలయంలో బుక్ చేయించుకోవాలి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే లెక్క. క్యాంపులో డాక్టర్‌కి మీకోసం దొరికేది కొద్ది నిమిషాలే కాబట్టి రిపోర్టులు తేదీల వరసలో పెట్టి, పాతది కింద, కొత్తది పైన ఉండేలా తీసుకెళ్లండి. సిగ్గుపడి "బాగానే ఉన్నానండి" అనొద్దు. మన పెద్దవాళ్లకి ఆ అలవాటు ఉంది, ఎవరు పలకరించినా బాగున్నామనే అంటారు. లేవడానికి ఎంతసేపు పడుతుంది, స్నానం ఎవరు చేయిస్తారు, అన్నం చెయ్యెత్తి తినగలరా, ఇవి ఉన్నవున్నట్టు చెప్పాలి, తోడు వెళ్లినవాళ్లయినా చెప్పాలి. సర్టిఫికెట్ తాత్కాలికమైతే దాని మీద గడువు తేదీ ఉంటుంది, ఆ తేదీకి ముందే మళ్లీ స్లాట్ తీసుకోండి. 2025లో పాత సర్టిఫికెట్లు మళ్లీ పరీక్షించి చాలామందికి నోటీసులు ఇచ్చారు, అలాంటి నోటీసు వస్తే భయపడి ఊరుకోకండి, ఎంపీడీఓ లేదా మున్సిపల్ కమిషనర్ ఆఫీసులో అప్పీలు కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి.

10,000 పింఛన్లకి ఆసుపత్రి ధ్రువీకరణ, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసు ద్వారా నడుస్తుంది, అందుకే వీటిని డీఎంహెచ్‌ఓ పింఛన్లు అనే పిలుస్తారు. డయాలసిస్ జరిగే చోట టెక్నీషియన్‌ని, ఆరోగ్యమిత్రని అడిగితే ఏ ఫారం ఎవరి సంతకంతో వెళ్లాలో వాళ్లకే బాగా తెలుసు.

6. అడ్డుపడే తనిఖీ: కరెంటు, కారు, పొలం, పన్ను

సచివాలయంలో "సిక్స్ స్టెప్‌లో పోయింది" అన్న మాట మీరు వింటారు. ఇంటి ఆదాయం, భూమి, కారు, కరెంటు వాడకం, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, పట్టణంలో ఇంటి స్థలం, ఇలాంటివన్నీ ఆధార్‌తో కలిపి కంప్యూటర్ చూసే తనిఖీ అది. ఎందులో పోయిందో అడగండి. "పోయింది" అన్న మాటతో ఇంటికి రావద్దు, స్క్రీన్ మీద ఏ అంశం చూపిస్తోందో రాసుకోండి.

కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. ఇక్కడే రోగి ఉన్న ఇళ్లు దొరికిపోతాయి. ఐదు లీటర్ల ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ సుమారు 350 వాట్లు లాగుతుంది, రోజంతా ఆన్‌లో ఉంటే నెలకు 250 యూనిట్లు దానికే. ఫ్యాను, ఫ్రిజ్ కలిపితే దాటిపోయినట్టే. డాక్టర్ గారు ఆక్సిజన్ రాసిన చీటీ, మెషిన్ బిల్లు జతచేసి అర్జీ పెట్టండి. ఇంకో మామూలు తప్పు, అద్దెకిచ్చిన వాటా మీటరో, చనిపోయిన తాతగారి పేరు మీద చెరువు దగ్గర ఉన్న మీటరో మీ ఆధార్‌కి కలిసి ఉండటం. దాన్ని విద్యుత్ ఏఈ ఆఫీసులో సరిచేయించి ఆ కాగితం సచివాలయంలో ఇవ్వాలి.

ఆదాయపు పన్ను సంగతి. లోన్ కోసమో, వీసా కోసమో అబ్బాయి రిటర్ను వేసి ఉంటాడు, పన్ను సున్నా. అయినా ఇంటి మొత్తాన్ని పన్ను చెల్లించే కుటుంబం అని చూపించొచ్చు. పోర్టల్లోంచి ఐటీఆర్ ఎకనాలెడ్జ్‌మెంట్, పాన్ మీద కట్టిన పన్ను చూపించే 26ఏఎస్ ఫారం దింపి, కట్టిన పన్ను సున్నా అని గీత గీసి చూపించండి. పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న కొడుకు ఇంకా మీ రేషన్ కార్డులోనే ఉంటే ఆ కార్డు విభజన సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి.

7. జీతం ఉన్నవాళ్లు

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, ఫీడ్ ఫ్యాక్టరీల్లో చేసేవాళ్లకి జీతం 21,000 లోపు అయితే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత పడుతుంది. జీతం స్లిప్పులో ఆ గీత ఉందో లేదో ముందు చూడండి. ఉంటే జబ్బు సెలవుకి జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. క్యాన్సర్, టీబీ లాంటి జాబితాలోని 34 దీర్ఘకాల జబ్బులకి 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా పొడిగింపు ఉంది, దానికి రెండేళ్ల సర్వీసు నిండి ఉండాలి. మానేయమని కాంట్రాక్టరు చెప్పినా రాజీనామా మీద సంతకం పెట్టకండి, ఉద్యోగంలో ఉండగా వచ్చేవన్నీ ఆ సంతకంతో చిక్కుల్లో పడతాయి. పీఎఫ్‌లో వైద్యం అడ్వాన్సుకి ఆన్‌లైన్‌లో ఫారం 31 పెట్టుకోవచ్చు, నామినీ వివరాలు కూడా అదే రోజు నింపండి.

బ్యాంకు పాస్‌బుక్‌లో మే, జూన్ నెలల్లో 436 రూపాయలు, 20 రూపాయలు కట్ అయ్యాయేమో చూడండి. 436 కట్ అయితే జీవన్ జ్యోతి బీమా, మనిషి ఏ కారణంతో పోయినా రెండు లక్షలు. 20 కట్ అయితే సురక్ష బీమా, అది ప్రమాదానికే. ఇవి ఉన్నాయని ఇంట్లో తెలియక వదులుకున్నవాళ్లు ఎక్కువ.

8. పన్ను: ముందు అసలు మీకు పన్ను ఉందో లేదో

ఇక్కడ ఆడిటర్ గారి దగ్గరికి పరిగెత్తేముందు ఒక్క లెక్క వేసుకోండి. 2025 ఏప్రిల్ నుంచి కొత్త పన్ను పద్ధతిలో (న్యూ రెజీమ్) 12 లక్షల లోపు మామూలు ఆదాయానికి పన్ను లేదు, జీతం లేదా పెన్షన్ అయితే ఇంకో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా. భూమి, బంగారం అమ్మిన లాభాలకి ఈ మాఫీ లెక్క వేరు. మీ ఆదాయం ఆ లోపు అయితే వైద్యం ఖర్చు మినహాయింపుల కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. బ్యాంకు వడ్డీ మీద ముందే కోసిన పన్ను, అంటే టీడీఎస్ వెనక్కి తెచ్చుకోవడమే మీ పని, దానికి రిటర్ను వేయాలి. వచ్చే ఏడాది కొయ్యకుండా ఏప్రిల్‌లోనే బ్యాంకులో డిక్లరేషన్ ఇవ్వండి, ఇన్నాళ్లూ 15జీ, అరవై దాటినవాళ్లకి 15హెచ్ అంటున్నది అదే. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది, అందులో సెక్షన్ల నంబర్లు వేరు, కాబట్టి నంబరు కన్నా పని పేరు చెప్పి అడగడం మంచిది.

ఆదాయం అంతకన్నా ఎక్కువ ఉంటే పాత పద్ధతి లాభమేమో చూడాలి. వైద్యం మినహాయింపులు పాత పద్ధతిలోనే. పాత నంబర్లతోనే చెబుతాను. 80డీడీబీ కింద క్యాన్సర్, కిడ్నీ వైఫల్యం, హీమోఫీలియా, తలసేమియా, 40 శాతం, ఆపైన వైకల్యం తెచ్చిన పార్కిన్సన్ లాంటి నరాల జబ్బులకి పెట్టిన ఖర్చులో 40,000 దాకా, రోగికి అరవై నిండితే లక్ష దాకా తగ్గించుకోవచ్చు. మీకే కాదు, మీ మీద ఆధారపడ్డ భార్యకో భర్తకో, పిల్లలకో, అమ్మానాన్నలకో, తోబుట్టువులకో పెట్టిన ఖర్చుకి కూడా. ఇన్సూరెన్స్ ఇచ్చింది అందులోంచి తీసేయాలి. స్పెషలిస్టు రాసిన చీటీ కావాలి, రెండో మెట్టులో చెప్పిన ఉత్తరం ఇందుకే. మీకే వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 80యూ, ఆధారపడ్డవాళ్లదైతే 80డీడీ, ఖర్చు ఎంతయినా సరే 75,000, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. ఇన్సూరెన్స్ లేని అరవై దాటినవాళ్ల మందుల ఖర్చుకి 80డీలో 50,000 దాకా ఉంది, కానీ నగదుగా కట్టింది లెక్కలోకి రాదు. మందుల షాపులో కూడా ఫోన్‌పేనో కార్డో వాడండి.

పాత పద్ధతి కావాలంటే గడువు లోపల రిటర్ను వేయాలి, గడువు దాటితే కొత్త పద్ధతే. దాటినా డిసెంబరు 31 దాకా ఆలస్యపు ఫీజుతో వేయొచ్చు. ఆసుపత్రిలో ఉండి అదీ దాటిపోతే, రీఫండ్ రావాల్సి ఉంటే, 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని ఐదేళ్ల లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు, డిశ్చార్జ్ సమ్మరీల తేదీలే అక్కడ మీ సాక్ష్యం. రిటర్ను వేశాక ముప్పై రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయండి, అసలు చేయకపోతే వేసినట్టే కాదు. నోటీసు ఏదైనా వస్తే పోర్టల్లోనే గడువు పెంచమని అడిగే బటన్ ఉంటుంది, ఆసుపత్రి కాగితం జతచేసి గడువు లోపలే అడగండి. టెన్షన్ పడి నోటీసు దాచిపెట్టడం మాత్రం వద్దు.

వైద్యం కోసం సాయం వస్తుంటే ఒక చిక్కు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, మేనమామ, బాబాయి, పిన్ని లాంటివాళ్లు ఎంత ఇచ్చినా పన్ను లేదు. బాబాయి కొడుకు మనకి అన్నే అయినా చట్టం లెక్కలో బంధువు కాడు. స్నేహితులు, కజిన్లు అందరూ కలిపి ఏడాదిలో 50,000 దాటి ఇస్తే అది మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది. మొత్తం ఆదాయం పరిమితి లోపే ఉంటే భయం లేదు, కానీ ఎవరు ఎంత పంపారో రాసి పెట్టుకోండి.

9. పొలం అమ్మాల్సి వస్తే

చాలా ఇళ్లలో చివరికి అరెకరం కొబ్బరి తోట అమ్మకానికి వస్తుంది. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే లాభం మీద పన్ను లేదు. గ్రామీణం అంటే మున్సిపాలిటీ హద్దు నుంచి గాలి దారిన కొలిచిన దూరంతో లెక్క. జనాభా పదివేల నుంచి లక్ష దాకా ఉన్న అమలాపురం లాంటి పట్టణానికి రెండు కిలోమీటర్లు, లక్ష నుంచి పది లక్షల దాకా ఉన్న కాకినాడ, రాజమహేంద్రవరం లాంటివాటికి ఆరు కిలోమీటర్ల అవతల ఉండాలి. రొయ్యల చెరువుగా తవ్వేసిన భూమి అయితే అది వ్యవసాయ భూమి అవునా కాదా అన్న పేచీ వస్తుంది, ఆడిటర్‌ని అడగకుండా సంతకం పెట్టకండి. చెరువు ఆదాయం, లీజు వ్యవసాయ ఆదాయం కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

అవసరంలో ఉన్నవాడి దగ్గర కొనేవాడు నగదు ఇస్తానంటాడు. స్థిరాస్తి అమ్మకంలో 20,000, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంత పెనాల్టీ పడొచ్చు, అదీ తీసుకున్నవాడికి, అంటే మీకు. బయానా కూడా ఖాతాలోనే వేయమనండి.

10. మంచం మీద ఉన్నవాళ్ల సంతకాలు

బ్యాంకు మనిషిని తీసుకురమ్మంటే, డెబ్బై దాటినవాళ్లకి, కదలలేనివాళ్లకి ఇంటి దగ్గర సేవ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే చెప్పిందని మేనేజర్ గారికి మర్యాదగా గుర్తుచేయండి. సంతకం పెట్టలేకపోతే వేలిముద్ర, అదీ కుదరకపోతే కాలి వేలిముద్ర అయినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్లలో ఒకరు బ్యాంకు అధికారి. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ ఫోన్లో ముఖం చూపించి చేసేయొచ్చు, పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసే సేవ కూడా ఉంది. కేంద్ర పెన్షనర్లకి నవంబరు, రాష్ట్రం వాళ్లకి జనవరి, ఫిబ్రవరి.

పన్ను పనులకీ, ఆస్తి పనులకీ పవర్ ఆఫ్ అటార్నీ రాయించాలంటే మనిషికి స్పృహ, తెలివి ఉన్నప్పుడే రాయించాలి, తర్వాత కుదరదు. మంచం మీద ఉన్నవాళ్ల కోసం సబ్ రిజిస్ట్రార్ ఇంటికి వచ్చే వీలు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది, కాబట్టి సఖినేటిపల్లి రేవులో పంటు మీద రోగిని కూర్చోబెట్టి తీసుకెళ్లాల్సిన పని లేదు. ఈ మాట ఇంట్లో ఎత్తడం కష్టమే, అపశకునం అనుకుంటారు. అయినా రోగినే అడగండి. నిర్ణయం వాళ్లది, ఆస్తి వాళ్లది, పక్క గదిలో గుసగుసలాడి తేల్చేది కాదు.

11. పని కదలకపోతే

ప్రతి అర్జీకి రసీదు నంబర్ ఉండాలి. నోటి మాటగా ఇచ్చినవాటికి సాక్ష్యం ఉండదు. వారం పది రోజులకి ఒకసారి ఆ నంబర్‌తో అడగండి. చాలా పనులకి రాష్ట్ర ప్రభుత్వ సేవ మనమిత్ర వాట్సాప్ నంబర్ 95523 00009లో దరఖాస్తు, స్టేటస్ రెండూ చూసుకోవచ్చు. కదలకపోతే 1100కి ఫోన్ చేయండి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమానికి వెళ్లండి. కలెక్టరేట్‌కి వెళ్లేది కాగితాల మనిషే, రోగి ఫోటో, డాక్టర్ ఉత్తరం, పాత రసీదులు చాలు. అర్జీ ఒక పేజీ దాటనివ్వొద్దు. మొదటి వాక్యంలో ఏం కావాలో, రెండో వాక్యంలో ఎక్కడ ఎన్ని రోజులుగా ఆగిందో, కింద పాత నంబర్లు. కష్టాలన్నీ రాస్తే చదివేవాళ్లకి అడిగింది ఏమిటో దొరకదు.

పీఎఫ్, ఇన్కమ్ ట్యాక్స్, ఈఎస్ఐ కేంద్రానివి, వాటికి కేంద్రం ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో పెట్టాలి. కోర్టుదాకా వెళ్లాల్సిన తగాదా అయితే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి, వైకల్యం ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు. ఫోన్ నంబర్ 15100.